ఊపిరితిత్తుల్లో నీరు: సెలైన్ ఎక్కించాలా, ఆపాలా? మంచం పక్కనే జవాబు వెతికే అల్ట్రాసౌండ్

డెంగీతో ఆసుపత్రిలో చేరిన ఒక రోగిని ఊహించుకుందాం. జ్వరం తగ్గింది, కానీ రక్తపోటు పడిపోయింది. వెంటనే సెలైన్ ఎక్కించారు. రక్తపోటు కొంత కోలుకుంది. మర్నాటికి ఆయాసం మొదలైంది, రక్తంలో ఆక్సిజన్ శాతం తగ్గుతోంది. ఇప్పుడు వైద్యుని ముందు ఉన్నది ఒకే ప్రశ్న. ఇంకో సీసా సెలైన్ ఎక్కించాలా? లేక సెలైన్ ఆపి, ఒంట్లోని నీటిని మూత్రం ద్వారా బయటికి పంపే మందు ఇవ్వాలా?

ఈ రెండు చికిత్సలూ పరస్పరం వ్యతిరేకమైనవి. రక్తనాళాల్లో ద్రవం తక్కువగా ఉన్న రోగికి సెలైన్ ఆపితే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు, ప్రాణానికే ముప్పు రావచ్చు. ఊపిరితిత్తుల్లో అప్పటికే నీరు చేరిన రోగికి సెలైన్ పెంచితే ఊపిరి అందక వెంటిలేటర్ పెట్టవలసి రావచ్చు. కానీ పైకి చూస్తే ఇద్దరూ ఒకేలా కనిపించవచ్చు. ఇద్దరికీ గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఆయాసం ఉంటుంది, చేతులు చల్లబడతాయి.

ఈ చిక్కుముడిని విప్పడానికి ఇంటెన్సివ్ కేర్ వైద్యులు గత మూడు దశాబ్దాలుగా ఒక పాత పరికరాన్ని కొత్త పనికి వాడుతున్నారు. గర్భిణులకు, కడుపునొప్పితో వచ్చినవారికి చేసే అల్ట్రాసౌండ్ స్కానింగే అది. రోగిని మంచం మీది నుంచి కదిలించకుండా, రేడియేషన్ లేకుండా, కొద్ది నిమిషాల్లోనే ఊపిరితిత్తుల్లో నీరు ఉందో లేదో అంచనా వేయడానికి అది తోడ్పడుతోంది. అయితే ఆ తెర మీద కనిపించేదానికి అర్థమేమిటి? దాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

ఏ నీరు, ఎక్కడి నీరు?

'నెమ్ము చేరింది', 'ఊపిరితిత్తుల్లో నీరు పట్టింది' అనే మాటలను మన ఇళ్లలో ఒకదానికి బదులు మరొకటిగా వాడుతుంటాం. వైద్యుల దృష్టిలో ఇవి వేర్వేరు సమస్యలు, వీటి చికిత్సలూ వేర్వేరు.

మొదటిది ఊపిరితిత్తుల చుట్టూ చేరే నీరు. ఊపిరితిత్తిని ప్లూరా అనే పలుచని పొర రెండు మడతలుగా కప్పి ఉంచుతుంది. మామూలుగా ఆ మడతల మధ్య చెంచాడు ద్రవం మాత్రమే ఉంటుంది. ఊపిరి తీసినప్పుడు రెండు మడతలూ ఒకదానిపై మరొకటి రాపిడి లేకుండా జారడానికి అది చాలు. జబ్బు చేసినప్పుడు ఆ ఖాళీలో లీటరుకు పైగా నీరు కూడా చేరవచ్చు.

రెండోది ఊపిరితిత్తుల లోపల, అంటే గాలిగదుల గోడల్లోనూ ఆ తర్వాత గాలిగదుల్లోనూ చేరే నీరు. ఇందుకు ముఖ్యంగా రెండు కారణాలు ఉంటాయి. గుండె బలహీనపడితే వెనక రక్తం నిలిచి, ఆ ఒత్తిడికి నీరు రక్తనాళాల్లోంచి బయటికి నెట్టుకొస్తుంది. తీవ్రమైన ఇన్ఫెక్షన్ల వంటి వాటిలో రక్తనాళాల గోడలే దెబ్బతిని, ఒత్తిడి పెరగకపోయినా నీరు కారిపోతుంది. ఈ రెండో పరిస్థితి తీవ్రరూపం దాల్చినప్పుడు దాన్ని ఏఆర్‌డీఎస్ అని పిలుస్తారు.

మూడోది న్యుమోనియా. ఇందులో గాలిగదులు ఇన్ఫెక్షన్ వల్ల ఏర్పడిన చీముతో, చిక్కని స్రావాలతో నిండిపోయి, ఊపిరితిత్తిలో కొంత భాగం గట్టిపడుతుంది.

ఐసీయూలో ఉన్న ఒకే రోగిలో ఈ మూడూ కలిసి ఉండవచ్చు. మూడింటిలో ఏది ఎంత ఉందో తెలిస్తేనే సూది వేసి నీరు తీయాలా, మూత్రం జారీ అయ్యే మందు ఇవ్వాలా, యాంటీబయాటిక్ మార్చాలా అన్నది తేలుతుంది.

గాలిని దాటలేని శబ్దం

అల్ట్రాసౌండ్ పరికరం మన చెవికి వినిపించనంత ఎక్కువ పౌనఃపున్యం గల శబ్ద తరంగాలను శరీరంలోకి పంపి, వెనక్కి వచ్చే ప్రతిధ్వనుల ఆధారంగా బొమ్మ గీస్తుంది. మెత్తని కండరాల్లో, అవయవాల్లో శబ్దం సెకనుకు దాదాపు 1,540 మీటర్ల వేగంతో సాగుతుంది. గాలిలో ఆ వేగం సుమారు 340 మీటర్లే. కండరం, గాలి కలిసే చోట ఈ రెండింటి స్వభావం ఎంత వేరంటే, శబ్దం దాదాపు మొత్తంగా వెనక్కి తిరిగి వచ్చేస్తుంది. స్కానింగ్‌కు ముందు చర్మంపై జెల్ రాసేది కూడా అందుకే. ప్రోబ్‌కూ చర్మానికీ మధ్య పలుచని గాలి పొర ఉన్నా బొమ్మ రాదు.

ఊపిరితిత్తి అంటేనే గాలి నిండిన అవయవం. కాబట్టి దాన్ని అల్ట్రాసౌండ్‌తో చూడలేమన్నది వైద్యరంగంలో చాలాకాలం పాటు స్థిరపడిన అభిప్రాయం. చుట్టూ చేరిన నీటిని చూడవచ్చు గానీ, ఊపిరితిత్తిని చూడటం కుదరదని అనుకునేవారు.

ఈ అభిప్రాయాన్ని మార్చినవారిలో ముందుగా చెప్పుకోవలసింది ఫ్రాన్స్‌కు చెందిన ఇంటెన్సివ్ కేర్ వైద్యుడు డేనియల్ లిక్టెన్‌స్టైన్‌ను. పారిస్ శివార్లలోని ఆంబ్రోజ్ పారే ఆసుపత్రిలో పనిచేస్తూ ఆయన తెర మీద కనిపించే గీతలను శ్రద్ధగా గమనించారు. అవి ఊపిరితిత్తి అసలు బొమ్మలు కావు, శబ్దం అటూ ఇటూ తగిలి తిరిగి రావడం వల్ల ఏర్పడే మాయా రేఖలు. వాటిని పనికిరాని చెత్తగా కొట్టిపారేయకుండా, ఏ జబ్బులో ఏ గీత కనిపిస్తోందో ఆయన పోల్చి చూశారు. 1997లో ఆయన బృందం ప్రచురించిన పరిశోధన ఈ రంగానికి పునాది వేసింది.

అడ్డగీతలు, నిలువుగీతలు

ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తిపై ప్రోబ్ పెడితే, పక్కటెముకల కింద తెల్లగా మెరిసే ఒక గీత కనిపిస్తుంది. అది ప్లూరా. ఊపిరి తీసి వదిలినప్పుడల్లా ఆ గీత అటూ ఇటూ జారుతూ ఉంటుంది. దాని కింద సమాన దూరాల్లో అడ్డగీతలు వరుసగా కనిపిస్తాయి. శబ్దం ప్లూరాకు తగిలి ప్రోబ్‌కు, మళ్లీ ప్లూరాకు తిరుగుతూ ఉండటం వల్ల ఒకే గీత పదే పదే కనిపిస్తుంది. వీటిని ఏ-లైన్లు అంటారు. ప్లూరా కింద గాలి ఉందనడానికి ఇవి గుర్తు.

గాలిగదుల గోడలు నీటితో ఉబ్బినప్పుడు ఈ దృశ్యం మారిపోతుంది. గాలి మధ్య చిక్కుకున్న నీటి పొరల్లో శబ్దం ఇరుక్కుని మోగుతూ, ప్లూరా నుంచి తెర అడుగు వరకు నిలువుగా దిగే తెల్లని చారలను సృష్టిస్తుంది. చూడటానికి అవి తోకచుక్కల్లా ఉంటాయి. ఊపిరితో పాటు కదులుతాయి, అడ్డగీతలను చెరిపేస్తాయి. ఇవే బి-లైన్లు.

ఒకటి రెండు బి-లైన్లు ఆరోగ్యవంతుల్లోనూ కనిపించవచ్చు. రెండు పక్కటెముకల మధ్య ఒకేచోట మూడు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే అసాధారణమని 2012లో అంతర్జాతీయ నిపుణుల బృందం నిర్ధారించింది. ఛాతీకి రెండు వైపులా రెండేసి చోట్ల అయినా అలా ఉంటే, వ్యాధి ఊపిరితిత్తుల్లో విస్తరించిందని భావిస్తారు. నీరు పెరిగేకొద్దీ చారలు ఒకదానితో ఒకటి కలిసిపోయి తెర మొత్తం తెల్లబడుతుంది. ఇంకా ముదిరి గాలి పూర్తిగా పోయిన చోట, ఊపిరితిత్తి కాలేయంలా గట్టి అవయవంగా కనిపిస్తుంది.

ప్లూరా పొరల మధ్య చేరిన నీరు మాత్రం నల్లని ఖాళీగా నేరుగా కనిపిస్తుంది. వెంటిలేటర్‌పై ఉన్న రోగుల్లో దాని పరిమాణాన్ని అంచనా వేయడానికి 2006లో ప్రచురితమైన ఒక సులువైన లెక్క ఉంది. రోగిని తల వైపు కాస్త ఎత్తి పడుకోబెట్టి, ఊపిరితిత్తి అడుగుభాగం వద్ద పొరల మధ్య దూరాన్ని మిల్లీమీటర్లలో కొలిచి 20తో గుణిస్తే, నీరు సుమారు ఎన్ని మిల్లీలీటర్లు ఉందో తెలుస్తుంది. ఆ దూరం 25 మిల్లీమీటర్లు ఉంటే దాదాపు అర లీటరు నీరు ఉన్నట్లు. సూదితో నీరు తీయవలసి వస్తే, సూది ఎక్కడ గుచ్చితే ఊపిరితిత్తికి, కాలేయానికి తగలదో కూడా స్కానింగ్ చూపిస్తుంది.

స్టెతస్కోప్, ఎక్స్‌రే సరిపోవా?

ఫ్రెంచ్ వైద్యుడు లెనెక్ 1816లో స్టెతస్కోప్‌ను కనిపెట్టినప్పటి నుంచి ఛాతీ చప్పుళ్లే ఊపిరితిత్తుల జబ్బులకు తొలి ఆధారం. కానీ వెంటిలేటర్ మోత, మానిటర్ల శబ్దాల మధ్య, స్పృహ లేక గట్టిగా ఊపిరి తీయలేని రోగిలో ఆ చప్పుళ్లు స్పష్టంగా వినిపించవు. ఎక్స్‌రేకూ ఇబ్బందులు ఉన్నాయి. లేవలేని రోగికి పడుకోబెట్టే ఎక్స్‌రే తీయాలి. అలాంటప్పుడు ప్లూరా నీరు వీపు వైపు పలుచగా పరుచుకుని, చిత్రంలో మసకగా మాత్రమే కనిపిస్తుంది. సీటీ స్కాన్ స్పష్టమైన సమాచారం ఇస్తుంది గానీ, వెంటిలేటర్‌తో ఉన్న రోగిని స్కానింగ్ గది వరకు తరలించడమే ఒక ప్రమాదం.

లిక్టెన్‌స్టైన్ బృందం 2004లో ఈ మూడు పద్ధతులనూ పోల్చింది. 32 మంది ఏఆర్‌డీఎస్ రోగులను, 10 మంది ఆరోగ్యవంతులను పరీక్షించి, సీటీ ఫలితాన్ని కొలబద్దగా తీసుకుంది. ప్లూరా నీటిని గుర్తించడంలో స్టెతస్కోప్ 61 శాతం, ఎక్స్‌రే 47 శాతం, అల్ట్రాసౌండ్ 93 శాతం కచ్చితత్వం చూపాయి. గాలిగదుల గోడల్లోని నీటి విషయంలో అవి వరుసగా 55, 72, 95 శాతం. అదే బృందం 2008లో ప్రచురించిన బ్లూ ప్రోటోకాల్ అధ్యయనంలో, తీవ్రమైన ఆయాసంతో ఐసీయూలో చేరిన 260 మందిలో 90.5 శాతం మందికి అల్ట్రాసౌండ్ ఆధారంగానే సరైన కారణం తేలింది.

ఈ అంకెలను చదివేటప్పుడు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. మొదటి అధ్యయనం చిన్నది. స్కానింగ్ చేసినవారు ఆ విద్యలో ఆరితేరినవారు. శిక్షణ లేని చేతుల్లో ఇవే ఫలితాలు వస్తాయని ఆశించలేం.

అతిగా ఎక్కించినా ముప్పే

రక్తపోటు పడిపోతే సెలైన్ ఎక్కించడం దశాబ్దాలుగా వైద్యంలో తొలి అడుగు. చాలామందిలో అది ప్రాణం నిలుపుతుంది. కానీ అందరికీ, అన్నివేళలా అది మేలు చేయదని ఆఫ్రికాలో జరిగిన రెండు అధ్యయనాలు గట్టిగా హెచ్చరించాయి.

ఉగాండా, కెన్యా, టాంజానియాల్లో తీవ్ర జ్వరంతో, రక్తప్రసరణ మందగించిన స్థితిలో ఆసుపత్రులకు వచ్చిన 3,141 మంది పిల్లలపై జరిగిన ఫీస్ట్ అధ్యయనం ఫలితాలు 2011లో వెలువడ్డాయి. వేగంగా సెలైన్ ఎక్కించిన పిల్లల్లో 48 గంటల్లోపు మరణాలు 10.5 శాతం కాగా, అలా ఎక్కించనివారిలో 7.3 శాతం. ఆ తర్వాత జాంబియాలో సెప్సిస్‌తో రక్తపోటు పడిపోయిన పెద్దలపై జరిగిన అధ్యయనంలో, ద్రవాలు, మందులు ముందుగానే ఎక్కువగా ఇచ్చిన బృందంలో 48.1 శాతం మంది, మామూలు చికిత్స పొందిన బృందంలో 33 శాతం మంది ఆసుపత్రిలో మరణించారు. దాని ఫలితాలు 2017లో ప్రచురితమయ్యాయి.

ఈ మరణాలన్నింటికీ ఊపిరితిత్తుల్లో నీరే కారణమని చెప్పలేం. ఫీస్ట్ పిల్లల్లో అదనపు మరణాలు ఎక్కువగా రక్తప్రసరణ కుప్పకూలడం వల్ల సంభవించాయని తర్వాతి విశ్లేషణ చూపింది. పైగా ఇవి వెంటిలేటర్ల వంటి సదుపాయాలు అరుదుగా ఉన్న ఆసుపత్రులు. అయినా సెలైన్ కూడా ఒక మందేనని, దానికీ మోతాదు ఉంటుందని ఈ అధ్యయనాలు తేల్చి చెప్పాయి.

దక్షిణాసియాలో ఏటా వానాకాలం తర్వాత విజృంభించే డెంగీ ఇందుకు మంచి ఉదాహరణ. జ్వరం తగ్గే సమయంలో, 24 నుంచి 48 గంటల పాటు రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి కారిపోతుంది. ఆ గంటల్లో కొలిచి ఇచ్చే సెలైన్ ప్రాణాధారం. ఆ తర్వాత రెండు మూడు రోజుల్లో అదే ద్రవం తిరిగి రక్తనాళాల్లోకి చేరుతుంది. అప్పుడూ సెలైన్ కొనసాగిస్తే ఊపిరితిత్తులు నీటితో నిండే ప్రమాదం ఉంది. మొదటి దశలో ప్లూరా పొరల్లో చేరిన కొద్దిపాటి నీటిని ఎక్స్‌రే కంటే ముందుగా పట్టడానికి, రెండో దశలో కొత్తగా మొలిచే బి-లైన్లను గమనించడానికి అల్ట్రాసౌండ్ ఉపయోగపడుతుంది.

ఐసీయూల్లో ఈ పరీక్షను ఒక్కసారి చేసి వదిలేయరు. ఛాతీని 12 భాగాలుగా విభజించి, ఒక్కో భాగానికి సున్నా నుంచి 3 వరకు మార్కులు వేసే పద్ధతి వాడుకలో ఉంది. మొత్తం 36. నిన్న 10 ఉన్నది ఈరోజు 18 అయితే ఊపిరితిత్తులు గాలిని కోల్పోతున్నాయని అర్థం. డయాలిసిస్ చేస్తున్నప్పుడు నీరు బయటికి పోయేకొద్దీ బి-లైన్లు తగ్గిపోవడం కూడా పరిశోధకులు చూశారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం వంటి చోట్ల డయాలిసిస్‌పై ఆధారపడి జీవిస్తున్నవారికి ఇది ఆసక్తి కలిగించే విషయమే.

నీరు ఉందని చెబుతుంది, ఎందుకో చెప్పదు

ఈ పరీక్షకు ఉన్న అసలు పరిమితి ఇక్కడే ఉంది. బి-లైన్లు గుండె వైఫల్యంలో కనిపిస్తాయి, ఏఆర్‌డీఎస్‌లో కనిపిస్తాయి, వైరల్ న్యుమోనియాలో కనిపిస్తాయి. ఊపిరితిత్తులు మచ్చకట్టి గట్టిపడే ఫైబ్రోసిస్‌లో, అక్కడ నీరు లేకపోయినా కనిపిస్తాయి. ఏళ్లుగా ఫైబ్రోసిస్ ఉన్న రోగికి బి-లైన్లు చూసి నీరు తగ్గించే మందు ఇస్తే మేలు కంటే కీడే ఎక్కువ.

కొన్ని ఆనవాళ్లు తోడ్పడతాయి. గుండె కారణంగా చేరిన నీటిలో ప్లూరా గీత నునుపుగా ఉండి, చారలు రెండు వైపులా ఒకే తీరుగా ఉంటాయి. ఏఆర్‌డీఎస్‌లో ఆ గీత గరుకుగా, తెగినట్లు కనిపిస్తుంది. జబ్బుపడిన భాగాల పక్కనే బాగున్న భాగాలు ఉంటాయి. అందుకే వైద్యులు అదే ప్రోబ్‌తో గుండె పనితీరును కూడా చూసి, రోగి చరిత్రను, రక్త పరీక్షలను కలిపి నిర్ణయానికి వస్తారు.

మరో అపోహను కూడా తొలగించుకోవాలి. ఊపిరితిత్తుల్లో నీరు కనిపించలేదంటే రోగికి సెలైన్ అవసరమని అర్థం కాదు. మరికొంత ద్రవాన్ని తట్టుకునే అవకాశం ఉందని మాత్రమే అర్థం. అవసరం ఉందా లేదా అన్నది వేరే ప్రశ్న. స్థూలకాయం, ఛాతీపై కట్లు, చర్మం కింద చేరిన గాలి ఈ పరీక్షకు అడ్డు వస్తాయి. ప్లూరాను తాకకుండా ఊపిరితిత్తి లోతుల్లో ఉన్న జబ్బు దీనికి కనిపించదు.

నీటిని కనిపెట్టినంత మాత్రాన రోగి బతుకు బాగుపడుతుందా అన్నది ఇంకో ప్రశ్న. గుండె ముప్పు ఎక్కువగా ఉన్న డయాలిసిస్ రోగులపై ఐరోపా పరిశోధకులు జరిపి 2021లో ప్రచురించిన లస్ట్ అధ్యయనంలో, అల్ట్రాసౌండ్ చూసి నీరు తీయడం వల్ల ఊపిరితిత్తుల్లో నీరు తగ్గింది. కానీ మరణం, గుండెపోటు, గుండె వైఫల్యం కలిపి లెక్కిస్తే చెప్పుకోదగిన తేడా రాలేదు. పరికరం సమాచారం ఇస్తుంది. దాన్ని ఆధారం చేసుకుని తీసుకునే నిర్ణయమే ఫలితాన్ని నిర్ణయిస్తుంది.

ఎక్స్‌రే లేని చోట

ఈ పరీక్ష విలువ పెద్ద నగరాల ఐసీయూల కంటే, సదుపాయాలు తక్కువగా ఉన్న ఆసుపత్రుల్లోనే ఎక్కువగా తెలుస్తుంది. ఏఆర్‌డీఎస్‌ను నిర్ధారించాలంటే ఎక్స్‌రే లేదా సీటీ, ధమని రక్త పరీక్ష ఉండాలని 2012 నాటి బెర్లిన్ నిర్వచనం చెప్పింది. రువాండా రాజధాని కిగాలీలోని ఆసుపత్రిలో ఇవి అందరికీ అందుబాటులో లేవు. అక్కడి పరిశోధకులు ఎక్స్‌రే బదులు అల్ట్రాసౌండ్‌ను, రక్త పరీక్ష బదులు వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్‌ను వాడి రోగులను గుర్తించవచ్చని 2016లో ప్రతిపాదించారు. 2023లో ప్రకటించిన కొత్త అంతర్జాతీయ నిర్వచనం ఈ రెండింటికీ చోటు కల్పించింది. శిక్షణ పొందిన వ్యక్తి చేసిన అల్ట్రాసౌండ్‌ను ఇప్పుడు ఏఆర్‌డీఎస్ నిర్ధారణకు ఆధారంగా అంగీకరిస్తున్నారు.

మన దేశంలో దీనికి మరో కోణం ఉంది. గర్భస్థ శిశువు లింగ నిర్ధారణను నిషేధిస్తూ 1994లో చేసిన చట్టం 1996 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఆడశిశువుల భ్రూణహత్యలను అరికట్టడానికి తెచ్చిన ఈ చట్టం ప్రకారం, పిండం లింగాన్ని గుర్తించగల అల్ట్రాసౌండ్ యంత్రాలను, వాటిని వాడే కేంద్రాలను నమోదు చేయాలి. చేతిలో పట్టే చిన్న యంత్రాలకూ నిబంధనలు వర్తిస్తాయి. స్టెతస్కోప్‌లా జేబులో వేసుకుని ఊరూరా తిరగడానికి వీలు లేదు. ఛాతీ పరీక్షకు వాడే ప్రోబే గర్భిణి కడుపునూ చూడగలదు కాబట్టి ఈ జాగ్రత్త అర్థం చేసుకోదగినదే. అయితే అత్యవసర వార్డులకు, చిన్న ఆసుపత్రులకు ఈ పరీక్షను చేర్చాలనుకునేవారు ఆ నిబంధనల పరిధిలోనే నమోదు, శిక్షణ, రికార్డుల ఏర్పాట్లు చేసుకోవలసి ఉంటుంది.

రోగి బంధువులు ఏం అడగవచ్చు?

ఐసీయూ బయట కూర్చున్న కుటుంబానికి 'ఊపిరితిత్తుల్లో నీరు ఉంది' అన్న మాట భయం కలిగిస్తుంది. ఆ మాట విన్నప్పుడు మూడు విషయాలు అడగడం మంచిది. నీరు ఊపిరితిత్తుల చుట్టూ ఉందా, లోపల ఉందా? దానికి కారణం గుండె, మూత్రపిండాలు, ఇన్ఫెక్షన్‌లలో ఏది? నిన్నటితో పోలిస్తే ఈరోజు పెరిగిందా, తగ్గిందా?

సెలైన్ సీసా కట్టగానే చికిత్స మొదలైందని, తీసేయగానే వైద్యులు వదిలేశారని అనుకోవడం మనలో చాలామందికి అలవాటు. తీవ్రంగా జబ్బుపడిన రోగికి సెలైన్ ఆపడం కూడా చికిత్సే. ఎప్పుడు ఎక్కించాలో, ఎప్పుడు ఆపాలో తేల్చుకోవడానికి వైద్యునికి ఇప్పుడు చెవితో పాటు కన్ను కూడా తోడైంది. ఆ కన్ను చూసినదాన్ని సరిగా అర్థం చేసుకునే శిక్షణ ఎంతమందికి అందుతుందన్న దానిపైనే మిగతాదంతా ఆధారపడి ఉంది.